స్లైడులో కనిపించింది, మెషీన్‌కు దొరకలేదు

పెద్దాసుపత్రుల్లో ఛాతీ వైద్యులకు అప్పుడప్పుడూ ఇలాంటి రిపోర్టుల జత ఎదురవుతుంది. మనిషి ఒక్కరే, ఇచ్చిన కళ్లె ఒక్కటే. మైక్రోస్కోపు కింద స్లైడు చూసిన టెక్నీషియన్ ‘ఏఎఫ్‌బీ పాజిటివ్, 2+’ అని రాశారు. అదే కళ్లెను సీబీనాట్ అనే జన్యు పరీక్ష మెషీన్‌లో పెడితే ‘ఎంటీబీ నాట్ డిటెక్టెడ్’, అంటే టీబీ క్రిమి దొరకలేదు అని వచ్చింది. వందేళ్లు దాటిన పాత పరీక్ష ఉందంటోంది, లక్షలు పోసి కొన్న మెషీన్ లేదంటోంది. రోగి తాలూకు వాళ్లు అడిగేది ఒకటే: ఇంతకీ ఏది తప్పు?

చాలాసార్లు ఏదీ తప్పు కాదు. రెండు పరీక్షలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాయి, అంతే. టీబీ నిర్ధారణలో గత పదిహేనేళ్లలో వచ్చిన మార్పును మనం వేగం అనే ఒక్క మాటతో సరిపెడుతుంటాం. వారాల పని గంటల్లో అవుతోందన్నది నిజమే. నా దృష్టిలో అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటుంది. పాత పరీక్షలు ‘ఏదో ఉంది’ అనేవి. కొత్తవి ‘ఫలానాది ఉంది, దానికి ఫలానా మందు పనిచేయదు’ అంటున్నాయి. ప్రశ్న సన్నబడిన కొద్దీ జవాబులో కచ్చితత్వం పెరిగింది. ఆ ప్రశ్న పరిధిలోకి రానిదాని గురించి మాత్రం మెషీన్ నోరు మెదపదు. ఆ మౌనాన్ని ‘ఏమీ లేదు’ అని చదువుకుంటేనే చిక్కు.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్ టీబీకి కారణం ఒక బ్యాక్టీరియా అని ప్రకటించాడు. ఆ వెంటనే ఒకటి రెండేళ్లలో ఫ్రాంజ్ జీల్, ఫ్రెడరిక్ నీల్సన్ అనే ఇద్దరు జర్మన్ల చేతుల్లో ఆ క్రిమికి రంగు వేసే పద్ధతి కుదురుకుంది. ఇప్పటికీ మన ప్రభుత్వాసుపత్రుల ల్యాబుల్లో నడుస్తున్నది దాని వారసత్వమే. టీబీ క్రిమి గోడ నిండా మైకోలిక్ ఆమ్లాలనే మైనం లాంటి కొవ్వులు ఉంటాయి. మామూలు రంగులు దానికి సరిగా పట్టవు. ఎర్రటి కార్బాల్ ఫుక్సిన్ పోసి, స్లైడు కింద మంట చూపి వేడి చేస్తే రంగు లోపలికి దిగుతుంది. దిగాక గంధకామ్లంతో కడిగినా వదలదు. చుట్టూ ఉన్న మిగతా కణాలన్నీ రంగు కోల్పోయి, తర్వాత పోసే మిథిలీన్ బ్లూతో నీలంగా మారతాయి. నీలం మైదానంలో సన్నటి ఎర్ర పుల్లలు కనిపిస్తే ఏఎఫ్‌బీ పాజిటివ్. ఆమ్లానికి లొంగని బాసిల్లస్ అని ఆ పొట్టి అక్షరాలకు అర్థం.

అయితే ఆ మైనపు గోడ టీబీ క్రిమి ఒక్కదాని సొత్తు కాదు. మైకోబాక్టీరియం కుటుంబం మొత్తానికీ ఉంది. కుష్ఠు క్రిమికీ ఉంది, మట్టిలో, నీళ్లలో బతికే దాదాపు రెండొందల జాతులకూ ఉంది. కాబట్టి ఎర్ర పుల్ల కనబడిందంటే ఇంటిపేరు తెలిసినట్టు. మనిషెవరో తెలిసినట్టు కాదు. మన దేశంలో టీబీ ఎంత ఎక్కువంటే, కళ్లెలో ఎర్ర పుల్ల కనిపిస్తే అది టీబీయే అనుకోవడం వందేళ్లపాటు తెలివైన పందెంగానే నడిచింది. అందులో తప్పు పట్టాల్సింది కూడా లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైనప్పుడు టీబీకి మందే లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఇవే చికిత్స. స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. ఐసోనియాజిడ్ 1952లో వచ్చింది. ఇవ్వడానికి మందే లేని కాలంలో ఆ కుటుంబంలో ఏ జాతి అని ఆరా తీసినా రోగికి ఒరిగేది పెద్దగా లేదు. మందులు వచ్చాక, ఆ మందులకు లొంగని రకాలు పుట్టాక ఆరా అవసరమైంది.

మైక్రోస్కోపుకు ఇంకో బలహీనత ఉంది. మిల్లీలీటరు కళ్లెలో అయిదు వేల నుంచి పదివేల క్రిములుంటే తప్ప అది పట్టలేదు. అంతకంటే తక్కువ ఉన్నవాళ్లు, పిల్లలు, హెచ్ఐవీ ఉన్నవాళ్లు, ఊపిరితిత్తుల్లో కాక వేరే చోట టీబీ వచ్చినవాళ్లు ఈ పరీక్షకు అందకుండా జారిపోయేవారు. పైగా స్లైడును నెగెటివ్ అని చెప్పాలంటే వంద ఫీల్డులు ఓపిగ్గా చూడాలి. రోజుకు పాతిక స్లైడులు చూసే టెక్నీషియన్ కళ్లకు సాయంత్రానికి ఆ ఓపిక ఎంత మిగులుతుందో ఎవరైనా ఊహించగలరు.

కళ్లె నాణ్యత గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఎంత ఖరీదైన మెషీనైనా చివరకు దానిమీదే ఆధారపడుతుంది. డబ్బా చేతికిచ్చి ‘ఉమ్మి తీసుకురా అమ్మా’ అంటే, ఆవిడ ఉమ్మే తెస్తుంది. ల్యాబుకు కావాల్సింది నోట్లో ఊరే లాలాజలం కాదు. రాత్రంతా ఊపిరితిత్తుల్లో పేరుకున్న చిక్కటి తెమడ. పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీల్చి వదిలి, ఛాతీ లోపలి నుంచి దగ్గి తీయాలి. అదీ గాలి ఆడే ఆరుబయట, పక్కన ఎవరూ లేకుండా. ఈ నాలుగు మాటలు రోగికి అర్థమయ్యేలా చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. రద్దీగా ఉండే ఓపీలో ముందు కోత పడేది ఆ రెండు నిమిషాలకే.

మైక్రోస్కోపు తర్వాత మెట్టు కల్చర్, అంటే క్రిమిని పెంచి చూడటం. కోడిగుడ్డు, మాలకైట్ గ్రీన్ కలిపి తయారుచేసిన లోవెన్‌స్టైన్-జెన్సెన్ మాధ్యమంలో అది మొలకెత్తడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టేది. పేగుల్లో ఉండే ఈ-కోలి అనుకూల వాతావరణంలో ఇరవై నిమిషాలకోసారి రెండవుతుంది. టీబీ క్రిమికి పదిహేను నుంచి ఇరవై గంటలు కావాలి. దాని తొందర అంతే. తర్వాత వచ్చిన ద్రవ మాధ్యమం ఎంజీఐటీలో క్రిమి ఆక్సిజన్ వాడుకోగానే ట్యూబు అడుగున మెరుపు కనిపిస్తుంది, పాజిటివ్ అయితే రెండు వారాల్లోపే తేలవచ్చు. నెగెటివ్ అనడానికి మాత్రం 42 రోజులు ఆగాలి. అయినా కల్చర్‌ను ఎవరూ పక్కన పెట్టలేదు. మిల్లీలీటరుకు పది నుంచి వంద క్రిములున్నా అది పట్టుకుంటుంది, పైగా బతికున్న వాటినే చూపిస్తుంది.

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్‌ఎక్స్‌పర్ట్‌ను ఆమోదించడంతో కథ మారింది. మన దగ్గర దాన్ని సీబీనాట్ అంటున్నాం. కళ్లెలో ఒక ద్రావణం కలిపి పదిహేను నిమిషాలు ఉంచి, కార్ట్‌రిడ్జ్‌లో పోసి మెషీన్‌లో పెడితే మిగతాదంతా లోపలే జరుగుతుంది. క్రిములను వడకట్టడం, వాటిని బద్దలు కొట్టడం, బయటపడిన డీఎన్ఏలో కావాల్సిన ముక్కను కోట్ల ప్రతులుగా పెంచడం, అన్నీ రెండు గంటల్లోపు. అది వెతికే ముక్క ఆర్‌పీఓబీ అనే జన్యువులో 81 అక్షరాల పొడవున్న చిన్న భాగం. ఆ భాగం ఎంచుకోవడంలోనే తెలివి ఉంది. రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగకుండా చేసే మార్పుల్లో దాదాపు 95 శాతం అక్కడే జరుగుతాయి. ఒక్క దెబ్బతో రెండు జవాబులు: టీబీ క్రిమి ఉందా, ఉంటే ముఖ్యమైన మందుకు లొంగుతుందా. మొదటి రకం కార్ట్‌రిడ్జ్‌కు మిల్లీలీటరుకు సుమారు 130 క్రిములు కావాల్సి వచ్చేది. 2017లో వచ్చిన అల్ట్రాకు పదహారు చాలు.

సీబీనాట్‌కు ఏసీ గది, ఆగని కరెంటు కావాలి. మండల స్థాయి ఆసుపత్రిలో ఈ రెండూ ఒకేసారి దొరకడం అదృష్టం. ఆ లోటు తీర్చడానికి వచ్చింది ట్రూనాట్. గోవాలోని మోల్‌బయో సంస్థ తయారీ. బ్యాటరీతో నడుస్తుంది, సుమారు గంటలో ఫలితం చెబుతుంది, బల్ల మీద పట్టేంత ఉంటుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నీ ఆమోదించింది. ప్రపంచమంతటా చూస్తే, 2023లో కొత్తగా టీబీ నిర్ధారణ అయినవాళ్లలో మొదటి పరీక్షగా ఇలాంటి వేగవంతమైన మాలిక్యులర్ పరీక్ష చేయించుకున్నది 48 శాతమే. సగానికి పైగా జనానికి ఇంకా పాత దారే.

సన్నటి ప్రశ్నతో వచ్చే మొదటి ఇబ్బంది మందుల నిరోధకత దగ్గర కనిపిస్తుంది. సీబీనాట్ ‘రిఫాంపిసిన్‌కు లొంగుతుంది’ అంటే చాలామంది అన్ని మందులకూ లొంగుతుందని అనుకుంటారు. ఐసోనియాజిడ్ సంగతి అది చూడనే లేదు. 2014-16లో మన దేశంలో జరిగిన జాతీయ సర్వేలో కొత్త టీబీ రోగుల్లో 11 శాతం మందికి, గతంలో చికిత్స తీసుకున్నవాళ్లలో 25 శాతం మందికి ఐసోనియాజిడ్ నిరోధకత కనిపించింది. దానికోసం కాట్‌జీ, ఇన్‌హెచ్ఏ అనే వేరే జన్యువులు చూసే లైన్ ప్రోబ్ పరీక్ష చేయాలి. అది పెద్ద ల్యాబుల్లోనే జరుగుతుంది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకేసారి చాలా జన్యువులు చదివే సీక్వెన్సింగ్ పద్ధతిని సిఫారసు చేసింది. దానికి ఖర్చూ ఎక్కువే, శిక్షణ ఉన్న చేతులూ కావాలి.

రెండో ఇబ్బంది, మెషీన్ చూసేది డీఎన్ఏను, ప్రాణాన్ని కాదు. చచ్చిన క్రిమి డీఎన్ఏ కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో మిగిలి ఉంటుంది. అల్ట్రా మరీ సున్నితం కాబట్టి ఆ అవశేషాలనూ పట్టుకుని ‘ట్రేస్’ అని చెబుతుంది. ఎన్నడూ టీబీ రాని పిల్లాడిలో, హెచ్ఐవీ ఉన్న మనిషిలో ‘ట్రేస్’ అంటే వెంటనే పట్టించుకోవాలి. రెండేళ్ల కిందట కోర్సు పూర్తిచేసి, ఇప్పుడు మామూలు జలుబుతో వచ్చిన మనిషిలో అదే మాటకు అర్థం వేరు. చికిత్స మధ్యలో రోగి కోలుకుంటున్నాడా అని చూడటానికి సీబీనాట్ వాడకపోవడానికీ కారణం ఇదే. అక్కడ మళ్లీ స్లైడు, కల్చర్ దగ్గరికే వెళ్లాలి.

ఇక మొదట చెప్పిన చిక్కుముడి. స్లైడులో నిండా ఎర్ర పుల్లలు, సీబీనాట్‌లో ఏమీ లేదు. నమూనాలు తారుమారయ్యాయేమో, కళ్లెలో డీఎన్ఏను పెంచే పీసీఆర్ ప్రక్రియను అడ్డుకునే పదార్థమేదైనా ఉందేమో అని ముందు సరిచూస్తారు. అవేవీ కాకపోతే, స్లైడులో ఉన్నది అదే కుటుంబంలోని వేరే సభ్యుడు. ఎన్‌టీఎం అంటారు, అంటే టీబీ కాని మైకోబాక్టీరియా. టీబీ క్రిమి డీఎన్ఏ కోసమే గాలించే మెషీన్‌కు ఇవి కనబడకపోవడమే న్యాయం. స్లైడు మాత్రమే ఉన్న రోజుల్లో ఈ రోగికి టీబీ కోర్సు మొదలయ్యేది. ఆర్నెల్ల తర్వాత కూడా కళ్లె పాజిటివ్‌గానే ఉంటే మొండి టీబీ అని ముద్ర పడేది, ఇంకా ఘాటైన మందులు వచ్చేవి. అవి వినికిడి మీద, మూత్రపిండాల మీద చూపే దెబ్బ అదనం.

ఎన్‌టీఎం అని తేల్చడానికి కల్చర్ తప్పదు. ట్యూబులో పెరిగినదాన్ని ఎంపీటీ64 అనే ప్రొటీన్ కోసం ఒక స్ట్రిప్ మీద చూస్తారు. గర్భ పరీక్ష స్ట్రిప్ మాదిరే గీత వస్తే టీబీ క్రిమి, రాకపోతే దాదాపుగా ఎన్‌టీఎం. పావుగంట పని. ఆ తర్వాత ఏ జాతో తేల్చడానికి లైన్ ప్రోబ్ కానీ, మాల్డీటాఫ్ అనే యంత్రం కానీ వాడతారు. అక్కడితోనూ అయిపోదు. ఇవి కుళాయి నీళ్లలోనూ ఉంటాయి గనక, ఒక్కసారి కళ్లెలో కనిపించినంత మాత్రాన జబ్బని తీర్మానించకూడదు. వేర్వేరు రోజుల్లో ఇచ్చిన రెండు కళ్లెల్లో అదే జాతి పెరగాలి, ఎక్స్‌రేలోనో స్కాన్‌లోనో తగిన మచ్చలుండాలి, లక్షణాలుండాలి. పాత టీబీ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లలో ఇవి తేలిగ్గా తిష్ఠ వేస్తాయి. టీబీ నయమైన మనిషికి మళ్లీ దగ్గు మొదలైతే ‘తిరగబెట్టింది’ అనేసుకోవడం అందుకే ప్రమాదం.

మందుల దగ్గరా లెక్క మారిపోతుంది. ఎన్‌టీఎంలలో ఒకటైన ఏవియం జాతికి అజిత్రోమైసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్ కలిపి, కల్చర్ నెగెటివ్ అయ్యాక కూడా ఏడాదిపాటు వాడతారు. అబ్సెస్సస్ జాతికి టీబీ మందులు దాదాపు పనిచేయవు. దానికో మాయ కూడా ఉంది. ల్యాబులో క్లారిత్రోమైసిన్‌కు మూడో రోజు లొంగినట్టే కనిపిస్తుంది, పద్నాలుగు రోజులు ఆగి చూస్తే లొంగదు. మందు తగిలాకే నిరోధకత జన్యువు మేలుకోవడం దీనికి కారణం.

ఆసుపత్రుల్లో ఎన్‌టీఎం ఇంకో దారిలోనూ కనిపిస్తుంది, ఆ దారి గురించి ఆసుపత్రులు అంత ఇష్టంగా మాట్లాడవు. లాపరోస్కోపీ ఆపరేషన్ బాగానే జరుగుతుంది, కుట్లు మానతాయి, రోగి ఇంటికి వెళతారు. కొన్ని వారాలకు పొట్ట మీది ఆ చిన్న గాట్ల దగ్గర గడ్డ కట్టి, చీము కారడం మొదలవుతుంది. మామూలు యాంటీబయాటిక్‌లకు తగ్గదు. మామూలు కల్చర్‌లో ‘నో గ్రోత్’. అబ్సెస్సస్, ఫార్చుయిటమ్, కెలోనీ జాతులు చేసే పని ఇది. వేడికి ఓర్వని పరికరాలను గ్లూటరాల్డిహైడ్‌లో ముంచి తీసి, ఆఖర్న కుళాయి నీళ్లతో కడగడం దీనికి పేరుపడ్డ కారణం. క్లోరిన్‌ను ఇవి బాగా తట్టుకుంటాయి. ఇంజెక్షన్ చేసిన చోట వచ్చే మొండి గడ్డల్లోనూ ఇవే దొరుకుతుంటాయి.

ఐరోపాలో ఇంకా విచిత్రంగా జరిగింది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో గుండె ఆపరేషన్ చేయించుకున్న కొందరికి ఏళ్ల తర్వాత జ్వరం, బరువు తగ్గడం మొదలయ్యాయి. దొరికిన క్రిమి మైకోబాక్టీరియం కిమేరా. ఆపరేషన్ సమయంలో రక్తాన్ని చల్లబరిచి వేడిచేసే యంత్రం నీటి ట్యాంకులో అది పెరిగి, ఫ్యాను గాలితో ఆపరేషన్ థియేటర్‌లోకి తుంపరగా ఎగిరిందని 2015లో బయటపెట్టారు. తర్వాత వేర్వేరు దేశాల రోగుల నుంచి తీసిన క్రిముల జన్యుక్రమాలు చదివితే, వాటిలో ఎక్కువ భాగం ఒకే మూలం నుంచి వచ్చినంత దగ్గరగా ఉన్నాయి. ‘మైకోబాక్టీరియా ఉంది’ దగ్గరే ఆగిపోయి ఉంటే ఆ యంత్రం మీద ఎవరికీ అనుమానం వచ్చేది కాదు.

ఊపిరితిత్తులు దాటి బయటికొస్తే నిర్ధారణ ఇంకా కష్టం. మెడ గడ్డలు, ఛాతీ పొరల్లో నీరు, వెన్నెముక, పేగులు, మెదడు పొరలు, వీటన్నిటిలోనూ క్రిముల సంఖ్య తక్కువ. ఛాతీ నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ 40 దాటితే మన దేశంలో టీబీ అనుమానం గట్టిపడుతుంది. అది దేహం పోరాడుతున్న ఆనవాలే తప్ప క్రిమి కాదు, చీము పట్టినా పెరుగుతుంది. ఊపిరితిత్తుల నడుమ ఉన్న గడ్డలను ఎండోబ్రాంకియల్ అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూదితో నమూనా తీయడం ఇప్పుడు హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో మామూలైంది. మెదడు పొరల టీబీలో వెన్ను నీటిని అల్ట్రాతో చూస్తారు. నెగెటివ్ వచ్చినా, అనుమానం బలంగా ఉంటే మందు మొదలుపెడతారు. అక్కడ రిపోర్టు కోసం ఆగడమంటే మనిషిని పోగొట్టుకోవడమే.

ఈ విషయంలో నన్ను బాగా చికాకు పెట్టేది ఒక చిన్న సీసా. గడ్డ తీసిన వెంటనే ముక్క మొత్తాన్నీ ఫార్మలిన్‌లో వేసి పాథాలజీకి పంపేస్తారు. పాథాలజిస్టు గ్రాన్యులోమా ఉందని రాస్తారు. టీబీలో అదుంటుంది, ఎన్‌టీఎంలో ఉంటుంది, సార్కాయిడోసిస్ అనే వేరే జబ్బులోనూ ఉంటుంది. అప్పుడు కల్చర్ చేద్దామంటే ఫార్మలిన్‌లో క్రిమి ఎప్పుడో చచ్చింది. రోగిని మళ్లీ కోయాలి, లేదా ఊహ మీద ఆర్నెల్లు మందులివ్వాలి. ఆపరేషన్ టేబుల్ దగ్గరే ముక్కను రెండు చేసి, ఒకటి సెలైన్‌లో వేసి మైక్రోబయాలజీకి పంపితే పోయేదాని ఖరీదు ఒక సీసా సెలైన్.

పిల్లలు కళ్లె ఉమ్మరు, మింగేస్తారు. అందుకే పరగడుపున ముక్కులోంచి గొట్టం వేసి పొట్టలోని ద్రవం తీసేవారు. ఇప్పుడు మలాన్నే అల్ట్రాలో పరీక్షించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తల్లులకు ఇంతకంటే ఊరట ఉండదు. హెచ్ఐవీతో నీరసించి ఆసుపత్రిలో చేరినవాళ్లకు మూత్రంలో ల్యామ్ అనే క్రిమి గోడ ముక్కను అరగంటలోపు పట్టే స్ట్రిప్ ఉంది. మంచం పక్కనే చేయవచ్చు, మరణాలు తగ్గించినట్టు అధ్యయనాల్లో తేలింది కూడా.

రక్త పరీక్షతో టీబీ తేల్చేస్తామనే మాట మాత్రం నమ్మకండి. యాంటీబాడీలు చూసే రక్త పరీక్షలు తప్పు ఫలితాలు ఇస్తున్నాయని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని వద్దంది, 2012 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు ల్యాబులు చేసే ఇగ్రా వేరు. ఈశాట్-6, సీఎఫ్‌పీ-10 అనే రెండు ప్రొటీన్లను మన తెల్లకణాలు గుర్తుపడుతున్నాయా అని అది చూస్తుంది. బీసీజీ టీకాలోని క్రిమి ఆ రెండు ప్రొటీన్ల జన్యువులను ఎప్పుడో పోగొట్టుకుంది, కాబట్టి టీకా వేయించుకున్నవాళ్లలో మాంటూ అనే చర్మ పరీక్ష తడబడినట్టు ఇగ్రా తడబడదు. చర్మం మీదే ఇదే పని చేసే సై-టీబీ కూడా వచ్చింది. కానీ ఇవేవీ టీబీ జబ్బు ఉందని చెప్పవు. క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని మాత్రమే చెబుతాయి. మన దేశంలో ఇలాంటివాళ్లు కోట్లలో ఉన్నారు. ఇగ్రా పాజిటివ్ చూసి టీబీ కోర్సు మొదలుపెట్టడం, రెండు వారాల దగ్గుకు కళ్లె పరీక్ష లేకుండా లీవోఫ్లాక్సాసిన్ రాయడం, ఈ రెండూ ఒకే రకం పొరపాట్లు. లీవోఫ్లాక్సాసిన్ టీబీ మీద కొంత పనిచేస్తుంది. దగ్గు తగ్గినట్టే తగ్గి, రోగం నెలల తర్వాత ముదిరి బయటపడుతుంది. ముంబయి, పట్నాల్లో శిక్షణ పొందిన నటులను రోగులుగా ప్రైవేటు వైద్యుల దగ్గరికి పంపి చేసిన అధ్యయనంలో, టీబీ లక్షణాలను సరిగా పట్టించుకున్న సందర్భాలు 35 శాతమే.

అన్ని పరీక్షలూ సన్నబడుతుంటే ఒకటి మాత్రం ఎదురు దారిలో పోతోంది, అది ఎక్స్‌రే. 2019-21 జాతీయ సర్వేలో టీబీ తేలినవాళ్లలో 42.6 శాతం మంది ఎక్స్‌రే తీయకపోయి ఉంటే దొరికేవారే కాదు. వాళ్లకు చెప్పుకోదగ్గ లక్షణాల్లేవు. 2021 నుంచి ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటర్ ప్రోగ్రామ్ చదవడానికి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి ఉంది. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మెషీన్‌ను ఊళ్లోకి తీసుకెళ్లి, రేడియాలజిస్టు లేకుండానే అనుమానం ఉన్నవాళ్లను విడదీస్తున్నారు. మచ్చ ఉందని మాత్రమే అది చెప్పగలదు. ఏ క్రిమి అన్నది కళ్లెతోనే తేలాలి. చిక్కు ఏమిటంటే, ఇలా దొరికినవాళ్లలో చాలామందికి దగ్గే ఉండదు, కళ్లె అసలే రాదు. అందుకే నాలుక మీద దూదిపుల్లతో రాసి తీసిన నమూనాతో మాలిక్యులర్ పరీక్ష చేయడంపై ఇప్పుడు గట్టిగా పని జరుగుతోంది. మంచి కళ్లెతో పోలిస్తే అది పట్టే కేసులు తక్కువే. కళ్లె ఇవ్వలేనివాళ్ల విషయంలో మాత్రం ఆ పోలికకే తావు లేదు.